యూడీఆర్‌పీ: ఒకసారి నేను కేసు వేశా, ఒకసారి నా మీదే వేశారు

వెబ్‌సైట్ పేర్ల (డొమైన్ల) గొడవలు తేల్చే ఈ పద్ధతికి ముందే రేటింగ్ చెప్పేస్తా. అవతలివాడు దొంగే అని చూడగానే తెలిసిపోయే కేసయితే ఐదుకి నాలుగున్నర. ఇద్దరి వైపూ ఎంతో కొంత న్యాయం ఉన్న గొడవయితే ఐదుకి రెండు. సగటు తీస్తే మూడుంపావు, ఒక్క కాగితం కూడా పోస్టులో పంపకుండా పనంతా ఈమెయిల్లో అయిపోయినందుకు ఇంకో పావు కలిపి మూడున్నర ఇస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. యూడీఆర్‌పీ అంటే యూనిఫామ్ డొమైన్ నేమ్ డిస్ప్యూట్ రిజల్యూషన్ పాలసీ. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటివాటిలో మీ పేరు ఇంకెవడో పట్టుకుని కూర్చుంటే కోర్టు మెట్లెక్కకుండా తేల్చుకునే పద్ధతి. ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ ఐకాన్ దీన్ని 1999లో పెట్టింది. మీరు డొమైన్ కొన్న రోజున చదవకుండా టిక్కు కొట్టిన ఆ పొడుగాటి ఒప్పందంలో ఇది కూడా ఉంటుంది, కాబట్టి రేపు ఎవరైనా మీ మీద కేసు వేస్తే "నాకు సంబంధం లేదు, నేను రాను" అనడానికి లేదు. దేశాల పేరుతో ఉండే డొమైన్లలో చాలావాటికి వాటి సొంత రూల్స్ ఉంటాయి, ఆ సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. ఇంకో మాట, తీర్పు చెప్పేది ఐకాన్ కాదు. అది ఆమోదించిన సంస్థలు కొన్ని ఉన్నాయి: జెనీవాలో ఉండే వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ), అమెరికాలోని ఫోరమ్, చెక్ ఆర్బిట్రేషన్ కోర్టు, ఇంకా రెండు మూడు. వాటిలో దేని దగ్గరికి వెళ్లాలో కేసు వేసేవాడే ఎంచుకుంటాడు, అవతలివాడికి ఆ విషయంలో నోరెత్తే అవకాశం లేదు. నేను ఎవరి దగ్గర వేశానో, నా మీద ఎవరి దగ్గర వేశారో చెప్పను. నా రివ్యూ ఆఫీసు మీద కాదు, పద్ధతి మీద.

ఇక నా గోల. ఒకరోజు పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి "బ్యాంక్ అకౌంట్ మార్చారట కదండీ, కొత్తదానికే పంపేశాను" అన్నాడు. మేం ఏ అకౌంటూ మార్చలేదు. ఆ మెయిల్ ఫార్వర్డ్ చేయమంటే చేశాడు. చూస్తే మా లోగో, మా ఫాంట్, కింద మా అకౌంట్స్ చూసే అమ్మాయి పేరు, అన్నీ మావే. పంపిన అడ్రస్ కూడా మాదే అనిపించింది. ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నా, తేడా కనపడలేదు. చివరికి ఆ అడ్రస్‌ని కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో వేసి, అక్షరాలు ఇంతింత పెద్దవి చేస్తే అప్పుడు బయటపడింది. మా పేరులో ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టాడు. చిన్న అక్షరాల్లో ఆ రెండూ అతుక్కుని అచ్చం ఎమ్ లాగే కనిపిస్తాయి. ఫోన్ స్క్రీన్ మీదయితే ఎవరికీ తెలిసే అవకాశమే లేదు. వెబ్‌సైట్ తెరిస్తే ఏమీ లేదు, ఖాళీ పేజీ. వాడికి వెబ్‌సైట్ అక్కర్లేదు, మెయిల్ వెళ్తే చాలు.

పోలీసు కంప్లయింట్ ఒక వైపు నడుస్తూనే ఉంది గానీ డొమైన్ మాత్రం వాడి చేతిలోనే ఉంది. తెలిసిన లాయర్ని అడిగితే ఆయన మొట్టమొదట అడిగింది మోసం గురించి కాదు, "ట్రేడ్‌మార్క్ ఉందా?" అని. నాకు చిరాకేసింది. జనం డబ్బులు పోతుంటే సర్టిఫికెట్ గురించి అడుగుతాడేంటి అనుకున్నా. తర్వాత అర్థమైంది, ఈ వ్యవస్థ మొత్తం ఆ ఒక్క మేకు మీదే వేలాడుతోంది. కేసు వేసినవాడు మూడు విషయాలు నిరూపించాలి. ఒకటి, ఆ డొమైన్ నా ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, లేదా జనం పొరబడేంత దగ్గరగా ఉందని. రెండు, అవతలివాడికి ఆ పేరు మీద ఏ హక్కూ, ఏ న్యాయమైన అవసరమూ లేదని. మూడు, వాడు దాన్ని చెడు ఉద్దేశంతో రిజిస్టర్ చేశాడని, చెడు ఉద్దేశంతోనే వాడుతున్నాడని. మూడూ ఉండాలి, రెండుంటే సరిపోదు. మాకు అదృష్టం కొద్దీ ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయి ఉంది, అదీ అప్పట్లో మా పార్ట్‌నర్ పట్టుబడితే "దండగ ఖర్చు" అని గొణుక్కుంటూ చేయించిందే. రిజిస్ట్రేషన్ లేకపోయినా దారి మూసుకుపోదు, కాకపోతే ఇన్నేళ్లుగా ఈ పేరుతోనే అమ్ముతున్నాం, జనం ఈ పేరుతోనే గుర్తుపడతారు అని అమ్మకాల లెక్కలు, ప్రకటనలు, పేపర్ కటింగులు అన్నీ పోగేసి చూపించాలి. చిన్న వ్యాపారాలు తడబడేది అక్కడే.

ఫీజు. అందరూ చూసేది వైపో పట్టిక కాబట్టి అదే చెబుతా: ఒకటి నుంచి ఐదు డొమైన్ల వరకు ఒక్క ప్యానెలిస్ట్ (అంటే తీర్పు చెప్పే నిపుణుడు) అయితే 1,500 డాలర్లు, ముగ్గురు కావాలంటే 4,000. లాయర్ ఫీజు దీనికి అదనం. గెలిచినా ఈ డబ్బు తిరిగి రాదు, అవతలివాడి నుంచి వసూలు చేసే ఏర్పాటే లేదు. ఒక్క అక్షరం మార్చి వాడు కొన్న డొమైన్ ఖర్చెంత, దాన్ని లాక్కోవడానికి నేను పెట్టిన ఖర్చెంత అని లెక్కేసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్ద కంపెనీలకి ఇది లెక్కలోకి రాని ఖర్చు, అందుకే వైపోలో 2023 ఒక్క ఏడాదే ఆరు వేలకు పైగా కేసులు పడ్డాయి.

కంప్లయింట్ రాయడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు. మోడల్ ఫారం ఇస్తారు, ఖాళీలు పూరించుకుంటూ పోవడమే. వైపో దగ్గర వాదనకి 5,000 పదాల పరిమితి ఉంది. నిజానికి స్పష్టంగా ఉన్న కేసుకి అందులో సగం కూడా అక్కర్లేదు. మా లాయర్ మొదటి డ్రాఫ్టులో కంపెనీ చరిత్ర నాలుగు పేజీలు రాశాడు, నేనే కొట్టేయించా. అసలు పని అంతా జత చేసే కాగితాల్లో ఉంది: ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్, ఆ దొంగ మెయిల్ పూర్తి హెడర్‌తో సహా, ఆ డొమైన్‌కి మెయిల్ సర్వర్ సెట్ చేసి ఉందని చూపించే రికార్డు, తేదీతో స్క్రీన్‌షాట్లు. ఆ మెయిల్ సర్వర్ రికార్డు చాలా ముఖ్యం, ఎందుకంటే పేజీ ఖాళీగా ఉంటే "నేనేం వాడట్లేదు కదా" అని అవతలివాడు తప్పించుకోవచ్చు.

ఆ తప్పించుకునే దారిని నిజానికి చాలా ముందే మూసేశారు. 2000లో ఆస్ట్రేలియా టెలికాం కంపెనీ టెల్‌స్ట్రా ఒక కేసు వేసింది, ప్రతివాది తనకి తాను పెట్టుకున్న పేరు న్యూక్లియర్ మార్ష్‌మాలోస్. నిజంగా అదే పేరు. ఆ డొమైన్‌లో వెబ్‌సైట్ లేదు, అమ్మకానికీ పెట్టలేదు, ఊరికే పట్టుకుని కూర్చున్నాడు. అయినా ప్యానెల్ ఏమందంటే, అందరికీ తెలిసిన పేరు, అసలు గుర్తింపు దాచుకున్నాడు, దీన్ని న్యాయంగా వాడే మార్గం ఒక్కటీ ఊహకి కూడా అందట్లేదు, కాబట్టి ఊరికే కూర్చోవడం కూడా వాడకం కిందకే వస్తుంది అని. ఇప్పటికీ చాలా తీర్పుల్లో ఈ కేసు ప్రస్తావన కనిపిస్తుంది, నా తీర్పులో కూడా ఉంది.

మేం పంపిన కంప్లయింట్ ఒకసారి వెనక్కి వచ్చింది. "మ్యూచువల్ జ్యూరిస్‌డిక్షన్" అని ఒక గడి ఉంటుంది: రేపు తీర్పు నచ్చక అవతలివాడు కోర్టుకెళ్తే ఏ ఊరి కోర్టుకి నేను ఒప్పుకుంటాను అని ముందే రాసివ్వాలి. రిజిస్ట్రార్ (డొమైన్ రిజిస్టర్ చేసిన కంపెనీ) ఆఫీసు ఉన్న చోటు గానీ, డొమైన్ ఓనర్ అడ్రస్ ఉన్న చోటు గానీ, రెండే ఆప్షన్లు. అది ఖాళీగా వదిలేశాం. సరిదిద్దడానికి ఐదు రోజులిచ్చారు. ఇందులో తిట్టడానికేం లేదు, తప్పు మాదే, పైగా వచ్చిన మెయిల్ మర్యాదగా, ఏం చేయాలో స్పష్టంగా ఉంది.

ఇంకో ఐదు రోజుల ముచ్చట కూడా ఉంది. 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చాక హూయిజ్‌లో, అంటే డొమైన్ ఎవరిదో వెతికే చోట, చూస్తే ఓనర్ పేరు చాలావరకు కనపడదు. కాబట్టి ఎవరి మీద వేస్తున్నామో తెలియకుండానే కేసు వేయాలి. వేసిన తర్వాత ఆ సంస్థ రిజిస్ట్రార్‌ని అడుగుతుంది, రిజిస్ట్రార్ రెండు పనిదినాల్లో డొమైన్ లాక్ చేసి వివరాలు ఇవ్వాలి, అవి మనకి పంపి కావాలంటే ఐదు రోజుల్లో కంప్లయింట్ మార్చుకోమంటారు. ఆ మెయిల్ తెరిచేటప్పుడు నా చేతులు కొంచెం వణికాయి, అబద్ధమెందుకు. ఎవడో తెలిసినవాడే అయ్యుంటాడని ఒక అనుమానం ఉండేది. తీరా చూస్తే కీబోర్డు మీద వేళ్లు ఆడించినట్టున్న పేరు, మ్యాప్‌లో ఎక్కడా లేని వీధి. కేసు పెట్టింది ఒక మనిషి మీద కాదు, ఒక ఖాళీ గడి మీద.

ఇప్పుడు మైనస్ మార్కులన్నీ ఎందుకో చెబుతా. లాక్ అంటే నేను అంతా ఆగిపోతుందనుకున్నా. ఆగదు! లాక్ చేస్తే వాడు డొమైన్‌ని ఇంకొకరికి అమ్మలేడు, ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చలేడు, అంతే. వెబ్‌సైట్ నడుస్తూనే ఉంటుంది, మెయిల్స్ వెళ్తూనే ఉంటాయి. కేసు నడిచిన రెండు నెలల్లో ఇంకో ఇద్దరు కస్టమర్లకి అవే దొంగ ఇన్‌వాయిస్‌లు వెళ్లాయి. ప్రతివాది జవాబివ్వడానికి 20 రోజులు, అడిగితే ఇంకో నాలుగు, ఆ తర్వాత ప్యానెలిస్ట్‌ని వేయడం, ఆయనకి 14 రోజులు, తీర్పొచ్చాక అమలుకి మళ్లీ 10 పనిదినాలు. మామూలు గొడవకి ఇది మెరుపు వేగమే, కోర్టుతో పోలిస్తే మరీను. కానీ ఇల్లు అంటుకున్నప్పుడు రెండు నెలలంటే ఏం మాట్లాడతాం! ఇలా దొంగ మెయిల్స్‌తో మోసం (ఫిషింగ్) జరుగుతుంటే దీనితో పాటు రిజిస్ట్రార్‌కి, మెయిల్ హోస్టింగ్ ఇచ్చేవాళ్లకి విడిగా అబ్యూజ్ రిపోర్ట్ కొట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రార్ల ఒప్పందంలోనే, రుజువులు చూపిస్తే ఫిషింగ్‌ని ఆపే చర్య తీసుకోవాలని ఐకాన్ రాయించింది. నాకు ఎవరూ చెప్పలేదు, ఐదో వారంలో నేనే వెతుక్కుని రిపోర్ట్ పంపితే మూడు రోజుల్లో మెయిల్ ఆగింది. మొదటి రోజే పంపి ఉంటే? లాయర్ మీద కోపం ఇప్పటికీ కొంచెం ఉంది.

ప్రతివాది జవాబివ్వలేదు, ఎలా ఇస్తాడు. తీర్పు ఏడు పేజీలు. చదువుతుంటే ముచ్చటేసింది, ఎందుకంటే జవాబు రాలేదు కాబట్టి మీరే గెలిచారు అని రెండు ముక్కల్లో తేల్చేయలేదు, మూడు అంశాలూ ఒక్కొక్కటే తీసుకుని, ఆర్, ఎన్ కలిసి ఎమ్ లా కనిపించే విషయానికి ఒక పేరా మొత్తం కేటాయించారు. అన్నట్టు ఈ తీర్పులన్నీ ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి, ఎవరైనా చదువుకోవచ్చు. ఖాళీగా ఉన్న ఆదివారాలు నేను వాటినే చదివేవాడిని, అదొక పిచ్చి పట్టుకుంది.

ఆ పిచ్చిలో తెలిసినవి కొన్ని. ఈ పద్ధతిలో మొట్టమొదటి తీర్పు 2000 జనవరిలో వచ్చింది, వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వాళ్లది. వాళ్ల పూర్తి పేరుతో డొమైన్ కొన్న ఆయన మూడు రోజులు తిరక్కుండానే వాళ్లకే 1,000 డాలర్లకి అమ్ముతానని రాశాడు, దాంతో చేజేతులా పోగొట్టుకున్నాడు. అదే ఏడాది సినిమా తార జూలియా రాబర్ట్స్, పాప్ సింగర్ మడోనా ఇద్దరూ తమ పేర్లు తిరిగి తెచ్చుకున్నారు. స్టింగ్ అనే సింగర్ మాత్రం ఓడిపోయాడు, ఎందుకంటే అది ఇంగ్లీషులో మామూలు మాట, పైగా అవతలాయన ఆ పేరు ఏళ్లుగా ముద్దుపేరుగా వాడుకుంటున్నాడు. 2001లో రాక్ సింగర్ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కూడా ఓడిపోయాడు, ముగ్గురు ప్యానెలిస్టుల్లో ఇద్దరు ఒక మాట, ఒకరు ఇంకో మాట. సొంత పేరు, ఇంటిపేరుతో సహా, మొత్తం లోకానికి తెలిసిన పేరు, అయినా రాలేదు! ప్యానెలిస్ట్‌ని బట్టి ఫలితం మారుతుందా అంటే, అప్పట్లో బాగానే మారేది. ఇప్పుడు వైపో వాళ్లు పాత తీర్పుల సారాంశాన్ని ప్రశ్నలు, జవాబులుగా పెట్టారు కాబట్టి కొంత నయం. 2017లో వచ్చిన మూడో వెర్షన్ నేను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చదివాను. ఉచితం. లాయర్‌కి డబ్బు కట్టే ముందు అది చదవండి.

ఇంతవరకూ నేను మంచివాడిని. ఇప్పుడు బోనులోకి ఎక్కిన కథ.

నా దగ్గర చాలా ఏళ్లుగా ఒక ఐదక్షరాల డాట్ కామ్ ఉంది, మామూలు ఇంగ్లీషు మాట. ఎప్పుడో ఒక ప్రాజెక్టు చేద్దామని కొని, చేయలేక, ఏటా రెన్యువల్ కడుతూ పడేశా. ఒకరోజు ఒక బ్రోకర్ మెయిల్ పెట్టాడు, నా క్లయింట్ ఒకరు దీన్ని కొనాలనుకుంటున్నారు, ఎంతకిస్తారు అని. నేను ఓ పెద్ద అంకె చెప్పా. అమ్మే ఉద్దేశం అంతగా లేదు, అడిగాడు కాబట్టి చెప్పా. మూడు వారాలు సైలెంట్. తర్వాత స్పామ్ ఫోల్డర్లో ఒక నోటీసు, నేను దాన్ని చూసేసరికే 20 రోజుల్లో ఎనిమిది అయిపోయాయి. ఆ మాటనే బ్రాండ్‌గా పెట్టుకున్న ఒక కంపెనీ నా మీద యూడీఆర్‌పీ కేసు వేసింది. అందులో నా చెడు ఉద్దేశానికి రుజువుగా జత చేసిందేంటి? నేను బ్రోకర్‌కి రాసిన ఆ మెయిల్! అడిగింది వాళ్లే, చెప్పినందుకు దొంగని నేను.

అప్పుడు తెలిసింది ఇందులో ప్రతివాది పరిస్థితి. 20 రోజుల్లో లాయర్ని వెతుక్కుని, పాత ఇన్‌వాయిస్‌లు తవ్వి, ఎప్పుడు కొన్నానో చూపించాలి. నాలుగు రోజుల ఎక్స్‌టెన్షన్ అడిగితే ప్రశ్నలేమీ వేయకుండా ఇచ్చారు, అది మంచి విషయం. ఒక్క ప్యానెలిస్ట్ చాలని వాళ్లు కోరారు, నేను ముగ్గురు కావాలన్నా. అలా అడిగితే ముగ్గురి ఫీజులో సగం నేను కట్టాలి. వైపో పట్టిక లెక్కన అది 2,000 డాలర్లు. నా డొమైన్ నేను కాపాడుకోవడానికి నేనే డబ్బు కట్టాలట, బాగుంది. కానీ ఒక్కరయితే ఆ ఒక్కరి మూడ్ మీద వదిలేసినట్టే, ముగ్గురయితే అందులో ఒకర్ని నేనిచ్చిన పేర్లలోంచి తీసుకుంటారు. స్ప్రింగ్‌స్టీన్ తీర్పు చదివినవాడిని కదా, కట్టేశా.

నన్ను కాపాడింది తేదీలు. నేను కొనేనాటికి ఆ కంపెనీయే లేదు. లేని కంపెనీ ట్రేడ్‌మార్క్‌ని దెబ్బతీయాలని ముందే ఎలా అనుకుంటాను? చెడు ఉద్దేశం రిజిస్టర్ చేసినప్పుడూ ఉండాలి, వాడుతున్నప్పుడూ ఉండాలి అన్నారే, ఆ చిన్న "కూడా" దగ్గరే వాళ్ల కేసు కూలిపోయింది. ముగ్గురూ ఏకగ్రీవంగా నా వైపే చెప్పారు. అంతేకాదు, ఇది రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్ అని కూడా రాశారు, అంటే కొనడం కుదరక కేసు అడ్డం పెట్టుకుని లాక్కోవాలని చూశారు అని. చదివి గాల్లో తేలిపోయా. లాయర్‌కి ఫోన్ చేసి "ఇప్పుడు వాళ్లకి ఫైన్ ఎంత?" అని అడిగా. సున్నా. నా 2,000? రాదు. లాయర్ ఫీజు? రాదు. ఆ మాట తీర్పులో ఉంటుంది, గూగుల్‌లో వాళ్ల పేరు కొడితే ఎక్కడో కనపడుతుంది, అదే శిక్ష. నేను రెండు మార్కులే ఇచ్చింది ఇందుకే. తప్పుడు కేసు వేసినవాడికి కనీసం అవతలివాడి ఖర్చయినా కట్టమనని పద్ధతి, పావలా జరిమానా లేకుండా బెదిరించుకోమని చెప్పినట్టే. వచ్చే తీర్పుల్లో అత్యధిక భాగం కేసు వేసినవాళ్లకే అనుకూలంగా వస్తాయి, నిజమే, వాటిలో ఎక్కువ భాగం నా మొదటి కేసులాంటివే అయ్యుంటాయి, అదీ ఒప్పుకుంటా. కానీ స్పామ్ ఫోల్డర్ చూసుకోని అమాయకుడు ఎవడైనా ఆ అంకెలో ఉన్నాడేమో అన్న అనుమానం నాకు పోదు.

ఓడినవాళ్లకి ఒక దారి ఉంది: తీర్పొచ్చిన పది పనిదినాల్లో కోర్టులో కేసు వేస్తే రిజిస్ట్రార్ అమలు ఆపేస్తాడు. ఉత్తుత్తి దారి కాదది. బార్సిలోనా డాట్ కామ్‌ని 2000లో ప్యానెల్ తీసి నగర కౌన్సిల్‌కి ఇమ్మంటే, ఓనర్లు అమెరికా కోర్టుకెళ్లారు, 2003లో అప్పీలు కోర్టు ఓనర్లకే ఇచ్చేసింది. ఊరి పేరు మీద ఎవరికీ ట్రేడ్‌మార్క్ గుత్తాధిపత్యం ఉండదని దాని సారాంశం.

కొన్ని గొడవలు అసలు దీనికి అందనే అందవు. అకౌంట్ హ్యాక్ చేసి డొమైన్ కాజేస్తే, పార్ట్‌నర్లు విడిపోయి పేరు నాదంటే నాదని కొట్టుకుంటే, ప్యానెలిస్టులు చాలాసార్లు "ఇది మా పరిధి కాదు, కోర్టుకెళ్లండి" అంటారు. 1994లో గ్యారీ క్రెమెన్ అనే ఆయన సెక్స్ డాట్ కామ్ రిజిస్టర్ చేసుకుంటే, మరుసటి ఏడాది ఒక మోసగాడు దొంగ ఉత్తరం ఒకటి పంపి దాన్ని తన పేరు మీదకి మార్పించుకున్నాడు. ఉత్తరం! తిరిగి రావడానికి 2000 దాకా పట్టింది. కోర్టు 6.5 కోట్ల డాలర్లు కట్టమంది, వాడు దేశం దాటేశాడు. ఆ కేసులోనే 2003లో డొమైన్ అనేది కూడా ఒక ఆస్తే, దొంగిలిస్తే ఆస్తి దొంగిలించినట్టే అని అప్పీలు కోర్టు తేల్చింది. దానికి మూడేళ్ల ముందు అమెరికాలోనే వర్జీనియా రాష్ట్ర సుప్రీంకోర్టేమో ఆస్తీ కాదు గీస్తీ కాదు, అదొక సర్వీసు ఒప్పందం అంది. మనం కొనుక్కున్నామా, అద్దెకి తీసుకున్నామా అన్నది ఇప్పటికీ అడిగిన చోటుని బట్టి ఉంటుంది. నిస్సాన్ డాట్ కామ్ కథ అందరికీ తెలిసిందే, ఇంటిపేరే నిస్సాన్ అయిన ఉజీ నిస్సాన్ 1994లో తన కంప్యూటర్ వ్యాపారం కోసం తీసుకుంటే 1999లో కార్ల కంపెనీ కోటి డాలర్లకి దావా వేసింది. ఏళ్ల తరబడి కొట్లాడి పేరు నిలబెట్టుకున్నాడు గానీ, అలా నిలబెట్టుకోవడం ఎంతమందికి సాధ్యం?

ఎవరికి పనికొస్తుందంటే: ట్రేడ్‌మార్క్ ఉండి, అవతలివాడు మీ పేరుని చూసే, మీ తర్వాతే కొన్నాడని కాగితం మీద చూపించగలిగితే కళ్లు మూసుకుని వేసేయండి. అవతలివాడు మీకంటే ముందు కొని ఉంటే వేయకండి, ధర మాట్లాడుకోండి. మీ మీద కేసు పడితే మాత్రం తప్పక జవాబివ్వండి, రెండు పేజీలైనా సరే, మీ సొంత మాటల్లో మీరే రాసుకున్నా సరే. రిజిస్ట్రార్ దగ్గరున్న మీ మెయిల్ ఐడీ ఇప్పటికీ పనిచేస్తోందో లేదో ఇవాళే చూసుకోండి. ఇంకా, బ్రోకర్ ఎవరైనా ధర అడిగితే వెంటనే అంకె చెప్పకండి, ముందు ఎవరి తరఫున అడుగుతున్నారో అడగండి.

మొదటి కేసు సంగతి ఒకటి మిగిలిపోయింది. గెలిచాక ఆ ఆర్, ఎన్ డొమైన్ నా అకౌంట్లోకి వచ్చింది, మొత్తం 63 రోజులు పట్టింది. వదిలేస్తే ఇంకొకడు కొంటాడు కాబట్టి ఇప్పుడు ఏటా ఆ దొంగ పేరుకి కూడా నేనే రెన్యువల్ కడుతున్నా. వచ్చిన రోజున ఏం చేయాలో తోచక, దానికి వచ్చే మెయిల్స్ అన్నీ నా ఇన్‌బాక్స్‌లో పడేట్టు పెట్టాను. రెండు రోజులు స్పామ్ తప్ప ఏమీ లేదు. మూడో రోజు పొద్దున ఒక మెయిల్ వచ్చింది. మాకు ఎప్పుడూ ఫోన్ చేయని, ఎప్పుడూ ఫిర్యాదు చేయని ఒక కస్టమర్ నుంచి. "నమస్తే అండీ, మీరు చెప్పిన కొత్త అకౌంట్‌కి రెండో విడత కూడా వేశాను, అందిందో లేదో ఒకసారి చెప్పగలరా."